మీ వేగం ఎంత?



పోయిన నెల మనం ఇంద్రధనుస్సు సంగతి చెప్పుకున్నాం. మిగిలిన కథ ఈ నెల చెబుతానన్నాను. కాని ఈలోగా నాకొక ఉత్తరం వచ్చింది. అది చదివిన తర్వాత ఇంద్రధనుస్సును ఇంకొక నెల ఆగమనక తప్పలేదు.

ఉత్తరం రాసింది గుంటూరు జిల్లాలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి. మన వేసవి సెలవుల్లో ఆమె అమ్మానాన్నలతో కాలిఫోర్నియాలోని పిన్ని ఇంటికి వెళ్ళింది. మనకు సెలవులైనా మే నెలలో అక్కడి పిల్లలకు బడి ఉంటుంది. అమ్మాయి రాసిన మాటలు ఇవి:

"మాస్టారూ, పొద్దున చెల్లెల్ని బడిలో దించటానికి బాబాయి కారు తీస్తే నేనూ ఎక్కాను. బడి ఇంకా రాకముందే రోడ్డు పక్కన స్తంభానికి ఒక బోర్డు ఉన్నది. దాని మీద 'మీ వేగం' అని రాసి, కింద దీపాలతో 31 అనే అంకె వెలుగుతున్నది. బాబాయి చప్పున కాలు తీశాడు. అంకె 29 అయింది, 26 అయింది, 24 అయింది. అక్కడ పోలీసు లేడు. ఆ బోర్డు ఫోటో తియ్యదట, జరిమానా వెయ్యదట. బాబాయే చెప్పాడు. మరి బాబాయి ఎందుకు భయపడ్డట్టు? అసలు మా కారు వేగం ఆ బోర్డుకు ఎట్లా తెలిసింది?"

అక్కడ దూరాన్ని మైళ్ళలో కొలుస్తారు. 31 మైళ్ళంటే మన లెక్కలో గంటకు 50 కిలోమీటర్లు. కాలిఫోర్నియాలో పిల్లలు తిరిగే వేళ బడి దగ్గర 25 మైళ్ళు, అంటే 40 కిలోమీటర్లు దాటకూడదని సాధారణంగా నియమం. అంచేత బాబాయిగారు కాలు తియ్యటం సబబే. కాని అమ్మాయి అడిగింది అది కాదు. కొట్టేవాడూ తిట్టేవాడూ లేనప్పుడు ఆయన ఎందుకు తీశాడు అని.

రెండు ప్రశ్నలలో ఒకదానికి జవాబు సైన్సు పుస్తకాల్లో దొరుకుతుంది. రెండోది నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర నేర్చుకున్నాను. ముందు సైన్సు చూద్దాం.

మీలో రైలు స్టేషనుకు దగ్గరగా ఇల్లున్నవాళ్ళు ఒక వింత గమనించే ఉంటారు. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్ రైలు కూత వేస్తూ వస్తుంది. మన వైపు వస్తున్నంతసేపూ కూత హెచ్చు స్థాయిలో ఉంటుంది. ఇంజను మనల్ని దాటిపోయిందో లేదో కూత ఒక్కసారిగా కిందికి దిగుతుంది. డ్రైవరు కూత మార్చలేదు. మారింది మన చెవికి చేరే అలల లెక్క.

ఎట్లాగంటే, మీరు ఒక వరండా చివర కూచుని సెకండుకు ఒకటి చొప్పున రబ్బరు బంతులు దొర్లిస్తున్నారనుకోండి. రెండో చివర మీ తమ్ముడు వాటిని పట్టుకుంటున్నాడు. వాడు కదలకుండా కూచుంటే వాడికీ సెకండుకు ఒక బంతి చొప్పునే అందుతుంది. వాడు లేచి మీ వైపు నడవటం మొదలుపెడితే ప్రతి బంతికీ ఎదురు వస్తున్నాడు కనక బంతులు త్వరత్వరగా అందుతాయి. మీకు దూరంగా నడిస్తే ఆలస్యంగా అందుతాయి. అందిన ప్రతి బంతినీ వాడు నడుస్తూనే వెంటనే మీకు తిరిగి దొర్లించాడనుకోండి. ప్రతి బంతినీ ముందటి బంతికన్నా దగ్గరి నుంచి పంపుతున్నాడు కనక అవి మీకు ఇంకా త్వరత్వరగా వస్తాయి. ఎంత త్వరగా వస్తున్నాయో లెక్కపెడితే, కళ్ళు మూసుకునే తమ్ముడి నడక వేగం చెప్పవచ్చు!

ఈ సంగతిని మొదట పసిగట్టినవాడు ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టియన్ డాప్లర్. 1842లో ఆయన ప్రేగ్ నగరంలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, జంట నక్షత్రాల రంగులను గురించి ఆలోచిస్తూ దీన్ని కనిపెట్టాడు. అది నిజమో కాదో తేల్చటానికి 1845లో హాలెండులో బైస్ బాలట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక తమాషా పరీక్ష పెట్టాడు. బూరాలు ఊదేవాళ్ళను రైలు ఎక్కించి ఒకే స్వరం ఊదుతూ ఉండమన్నాడు. స్వరజ్ఞానం బాగా ఉన్న వాద్యగాళ్ళను పట్టాల పక్కన నిలబెట్టాడు. రైలు వచ్చేటప్పుడు స్వరం హెచ్చిందనీ, పోయేటప్పుడు తగ్గిందనీ వాళ్ళు తేల్చి చెప్పారు. రైలులో ఊదుతున్నవాళ్ళకు మాత్రం తమ స్వరంలో తేడా ఏమీ తెలియదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాను.

అమ్మాయి చూసిన బోర్డులో బంతులకూ బూరాలకూ బదులు రేడియో అలలు ఉంటాయి. అంకెలు వెలిగే దీపాల వెనక చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దాన్నే రాడార్ అంటారు. ఇట్లాంటి బోర్డులు చాలావాటిలో ఆ పెట్టె సెకండుకు సుమారు 2,415 కోట్ల అలలను రోడ్డు మీదికి వదులుతుంది. ఒక అల తలకూ తర్వాతి అల తలకూ మధ్య దూరం ఒకటింపావు సెంటీమీటరు. అంటే మీ చిటికెన వేలి వెడల్పు అనుకోండి. ఆ అలలు కారుకు తగిలి వెనక్కు వస్తాయి. కారు ఆరు మిల్లీమీటర్ల చిల్లర ముందుకు జరిగితే చాలు, పోనూ రానూ కలిపి దారి ఒక అల పొడుగున తగ్గిపోయి ఒక అల అదనంగా వచ్చి చేరుతుంది.

ఇప్పుడు లెక్క చెయ్యండి. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు 10 మీటర్లు, అంటే వెయ్యి సెంటీమీటర్లు. ఆ వెయ్యి సెంటీమీటర్లలో ఆరు మిల్లీమీటర్ల చిల్లరలు సుమారు 1,600 ఉంటాయి. కనక పెట్టెకు సెకండుకు 1,600 అలలు అదనంగా వస్తాయి. మొత్తం 2,415 కోట్లూ లెక్కపెట్టక్కర్లేదు. తాను పంపిన అలలనూ తిరిగి వచ్చిన అలలనూ కలిపి, తేడాను మాత్రం పెట్టె పట్టుకుంటుంది. గంటకు ఒక కిలోమీటరు వేగానికి సుమారు 45 అలల తేడా. ఇక భాగహారం చేసి అంకె వెలిగించటమే. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. చాలా బోర్డులకు పైన ఒక సోలార్ పలక, లోపల ఒక బ్యాటరీ ఉంటాయి. బోర్డు రోడ్డుకు కొంచెం పక్కగా ఉంటుంది కనక అంకె అసలు వేగానికన్నా పిసరంత తక్కువే చూపిస్తుంది. అంటే ఆ బోర్డు డ్రైవరు పక్షమేనన్నమాట.

ఇక మొదటి ప్రశ్న.

మోటారు బండ్లు పుట్టినప్పటి నుంచీ వాటి వేగాన్ని అదుపు చెయ్యటానికి మనిషి ఎంచుకున్న దారి ఒకటే. పట్టుకోవటం, జరిమానా వెయ్యటం. 1896 జనవరి 28న ఇంగ్లండులోని కెంట్ జిల్లాలో వాల్టర్ ఆర్నాల్డ్ అనే పెద్దమనిషి తన కారును గంటకు 8 మైళ్ళ వేగంతో తోలాడు. అంటే 13 కిలోమీటర్లు. మన ఊరి సైకిలు పాటి వేగం. కాని ఆ రోజుల్లో ఊళ్ళో 2 మైళ్ళు దాటకూడదు, పైగా బండి ముందు ఒక మనిషి నడవాలి. ఒక పోలీసు సైకిలెక్కి చాలా దూరం తరిమి ఆయన్ను పట్టుకున్నాడు. వేగానికి ఒక షిల్లింగు జరిమానా పడింది. తర్వాత సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు విమానాలను కనిపెట్టటానికి వాడిన రాడార్, యుద్ధం కాగానే అమెరికాలో రోడ్డు పోలీసుల చేతికి వచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీదా కెమెరాలున్నాయి. పద్ధతి మాత్రం మారలేదు. దొరికినవాడు కడతాడు, దొరకనివాడు నవ్వుకుంటూ పోతాడు.

2003లో కాలిఫోర్నియాలోనే గార్డెన్ గ్రోవ్ అనే ఊరి అధికారులకు ఇదే తలనొప్పి పట్టుకున్నది. బడుల ముందు కార్లు నెమ్మదించటం లేదు. పాత బోర్డులు తీసి బాగా మెరిసే కొత్త బోర్డులు పెట్టారు. బడి వేళల్లో పోలీసులచేత జరిమానాలు వేయించారు. లాభం అంతంత మాత్రమే. చివరకు అయిదు బడుల దగ్గర 'మీ వేగం' బోర్డులు నిలబెట్టారు. ఈ బోర్డులో కొత్త విషయం ఏమున్నది చెప్పండి? ప్రతి కారులోనూ డ్రైవరు ముక్కు కిందనే స్పీడోమీటరు ఉన్నది. ఎంత వేగం దాటకూడదో రోడ్డు పక్కన రాసే ఉన్నది. ఈ రెండూ తెలిసినవాడికి మూడోసారి చెప్పటమెందుకు? పైగా శిక్ష లేదు. చాలామంది ఇది డబ్బు దండగ అనే అనుకుని ఉండాలి. కాని కార్ల వేగం సగటున నూటికి 14 వంతులు తగ్గింది. మూడు బడుల దగ్గర సగటు వేగం ఉండవలసిన హద్దుకు లోపలికే వచ్చింది.

శిక్ష లేకుండా వేగం ఎందుకు తగ్గింది? నాకు తెలిసిన జవాబు చెప్పాలంటే నా పరువు కొంచెం తీసుకోవాలి. ఫరవాలేదు, పదవీ విరమణ అయిపోయింది గదా.

2009లో నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాల టౌనుకు పోయే రోడ్డును ఆనుకుని ఉండేది. రోడ్డుకు ఇటు బడి, అటు జామకాయలూ మరమరాలూ అమ్మే బండి. ఇంటర్వెల్ గంట మోగగానే పిల్లలు రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తేవారు. ఎన్నిసార్లు కేకలేసినా అంతే. జులైలో ఒకరోజు ఆరో తరగతి పిల్లవాడికి మోటారు సైకిలు తగిలి కుడి కాలు విరిగింది. కబడ్డీలో పాదరసం లాంటి పిల్లవాడు. రెండున్నర నెలలు మంచం మీద ఉన్నాడు. తిరిగి వచ్చిన తర్వాత ఆట చూడటానికి వచ్చేవాడు గాని బరిలోకి దిగేవాడు కాదు.

మోటారు సైకిలతను పారిపోలేదు. తనే పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు. వరండాలో నా చేతులు పట్టుకుని, "నెమ్మదిగానే వస్తున్నానండీ మాస్టారూ, పిల్లల మీద ఒట్టు," అని ఏడ్చాడు. నేను నమ్మలేదు. ఆ వారం తల్లిదండ్రుల సమావేశంలో, "వేగంగా రావటం ఒక తప్పు, నెమ్మదిగా వచ్చానని అబద్ధమాడటం రెండో తప్పు," అని అందరి ముందూ గట్టిగా చెప్పాను.

ఆగస్టులో ఎనిమిదో తరగతివాళ్ళకు వేగం లెక్కలు వచ్చాయి. సైన్సు మాస్టారు వాళ్ళకొక పని పురమాయించాడు. డ్రిల్లు మాస్టారు టేపు తెచ్చి ప్రహరీగోడ వెంట 50 మీటర్లు కొలిచి, రెండు చివరలా సున్నంతో గీతలు వేయించాడు. మొదటి గీత దగ్గర ఒక పిల్లవాడు గోడ లోపలి వైపే నిలబడి, బండి గీత దాటగానే జేబురుమాలు దించుతాడు. రెండో గీత దగ్గర ఒక అమ్మాయి ఆటలపోటీల స్టాప్‌వాచీ నొక్కుతుంది. బండి తన గీత దాటగానే మళ్ళీ నొక్కుతుంది. మూడో పిల్లవాడు నోటుపుస్తకంలో రాస్తాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ పొద్దున అరగంట. ఈ సంగతి నాకు తెలుసు. సంతకం పెట్టి అనుమతి ఇచ్చింది నేనే.

తర్వాతి సోమవారం ప్రార్థన అయ్యాక ఆ పుస్తకం చదవమన్నాను. స్టాప్‌వాచీ పట్టిన అమ్మాయే చదివింది. ఇసుక ట్రాక్టరు 29. ఆటో 34. టౌను బస్సు 41. పాల వ్యాను 52. నీలం స్కూటరు 46.

"ఎవరిదమ్మా ఆ నీలం స్కూటరు?" అని అడిగాను.

ఒక్కరూ మాట్లాడలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పుడు నాకు వెలిగింది. చెట్టు కింద నిలబెట్టిన నా స్కూటరు వైపు చూశాను. అది నీలమే.

"నేనా? నేను నెమ్మదిగానే వచ్చాను గదా!" అన్నాను.

ఆ అమ్మాయి పాపం భయపడి, "మళ్ళీ లెక్క చెయ్యమంటారా మాస్టారూ?" అని నల్లబల్ల మీద భాగహారం చేసింది. 50 మీటర్లకు మూడు సెకండ్ల తొమ్మిది పదోవంతులు. గంటకు 46 కిలోమీటర్లు. తప్పేమీ లేదు. ఆ రోజు ప్రార్థనకు ఆలస్యమవుతుందని వచ్చానని గుర్తుకు వచ్చింది. కాని వేగంగా వచ్చినట్టు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. నా స్కూటరు స్పీడోమీటరు ముల్లు ఏనాడో సున్నా మీద నిద్రపోయింది. బాగుచేయించాలని అనుకుంటూనే ఉన్నాను.

నా నోటి నుంచి వచ్చిన మాట నాకే మళ్ళీ వినిపించింది. అది మోటారు సైకిలతను ఆస్పత్రి వరండాలో అన్న మాటే. రైలులో బూరా ఊదేవాడికి తన స్వరం మారినట్టు తెలియదని చెప్పానే, అతనికీ నాకూ జరిగింది అదే. పెద్ద రోడ్డు మీద 60లో కాసేపు వచ్చినవాడికి 40లో పోతుంటే పాకుతున్నట్టుంటుంది. కళ్ళు వేగానికి అలవాటు పడిపోతాయి. అతను అబద్ధమాడలేదు. పిల్లవాడి కాలుకు ఆ తేడా ఏమీ పట్టదు, అది వేరే సంగతి. ఆ ఆదివారం నేను అతని ఇంటికి వెళ్ళి, సమావేశంలో అన్న మాట తప్పని చెప్పి వచ్చాను. అతను టీ తెప్పించాడు. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేకపోయాం.

చూశారా? బాబాయిగారు భయపడ్డారని అమ్మాయి అనుకున్నది. నాకు అట్లా తోచటం లేదు. ఆయనకు తన సంగతి అప్పుడే తెలిసింది. తెలిసిన చోట బడి ఎదురుగా ఉన్నది, సరిచేసుకోవటానికి కాలు కింద పెడల్ ఉన్నది. పైగా వెనక కారువాడూ ఆ అంకె చూస్తున్నాడు. వారం తర్వాత ఇంటికి వచ్చే జరిమానా కాగితానికి ఈ గుణం లేదు. అది వచ్చేసరికి మనం ఏ రోడ్డు మీద ఏం చేశామో మరిచిపోయి, కాగితం పంపినవాళ్ళను తిట్టుకుంటాం.

అయితే 40కి బదులు 50లో పోతే ఏమంత ముంచుకుపోతుందని మీ నాన్నగారు అడగవచ్చు. ఆయనకు ఈ లెక్క చూపండి. బ్రిటన్‌లో డ్రైవింగు నేర్చుకునేవాళ్ళందరూ చదివే హైవే కోడ్‌లో ఉన్న అంకెలివి. గంటకు 32 కిలోమీటర్లలో పోయే కారు, డ్రైవరు ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేలోగా 6 మీటర్లు పోతుంది. బ్రేకు వేశాక ఇంకొక 6 మీటర్లు జారి ఆగుతుంది. మొత్తం 12. వేగం రెట్టింపై 64 అయితే కాలు కదిలే లోగా 12 మీటర్లు. అది రెట్టింపే. బ్రేకు వేశాక మాత్రం 24 మీటర్లు. అది నాలుగు రెట్లు! మొత్తం 36. అంటే 12 మీటర్ల అవతల పిల్లవాడు రోడ్డు మీదికి వస్తే, మొదటి కారు వాడి ముందు ఆగుతుంది. రెండో కారు డ్రైవరు కాలు అప్పటికి బ్రేకు మీదికి వస్తుంటుంది.

ఇంకొక రకంగా చెబుతాను. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బ, మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలను తాకే వేగానికి సమానం. అంటే ఒక అంతస్తు. అదే 60 అయితే 14 మీటర్ల ఎత్తు. నాలుగంతస్తుల మేడ. ఇక్కడ కూడా వేగం రెండింతలు, ఎత్తు నాలుగింతలు.

తల్లిదండ్రులు ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. లండను విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే కళాశాలలో కొందరు శాస్త్రజ్ఞులు ప్రాథమిక పాఠశాల పిల్లల చూపును పరీక్షించారు. దూరం నుంచి వచ్చే బండి మన కంటికి క్షణక్షణానికీ పెద్దదవుతూ కనిపిస్తుంది. ఆ పెరగటాన్ని బట్టే అది వస్తున్నదని మనకు తెలుస్తుంది. గంటకు సుమారు 30 కిలోమీటర్లు దాటి వచ్చే బండి విషయంలో చిన్నపిల్లల చూపు దీన్ని నమ్మకంగా పట్టుకోలేదని 2010 ప్రాంతంలో ఆ పరీక్షల్లో తేలింది. పిల్లవాడు అటూ ఇటూ చూసే దాటాడు. చూసినా వాడి కంటికి ఆ బండి దూరాన నిలబడ్డట్టే ఉన్నది. 'కళ్ళు కనపడటం లేదట్రా!' అని నేనెంతమందిని కోప్పడ్డానో తలుచుకుంటే ఇప్పుడు కష్టంగా ఉంటుంది. 2020లో స్టాక్‌హోం నగరంలో జరిగిన ప్రపంచ సభలో, పాదచారులూ వాహనాలూ కలిసి తిరిగే చోట్ల 30 కిలోమీటర్లు దాటనివ్వరాదని తీర్మానించటానికి ఇటువంటి కారణాలే ఉన్నాయి. మన దేశంలో 2022వ సంవత్సరంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది మరణానికి కారణం అతివేగమని ప్రభుత్వ లెక్క.

అట్లాగని ఆ బోర్డు మంత్రదండమని అనుకోకండి. బోర్డును చక్రాల బండి మీద తెచ్చి నాలుగు రోజులుంచి తీసుకుపోతే, వేగం మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. కొందరు కుర్రవాళ్ళు దాన్ని ఆటబొమ్మ చేసుకుని, ఎవరి అంకె పెద్దదో చూద్దామని పందెం వేస్తారు. అంచేత ఒక హద్దు దాటితే అంకె చూపకుండా ఆరిపోయేటట్టు కొన్ని బోర్డులను చేశారు. మన రోడ్ల మీద ఇంకొక చిక్కున్నది. అక్కడ కార్లు వరసగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఇక్కడ బస్సు, ఆటో, స్కూటరు, ఎద్దుల బండి ఒకేసారి పక్కపక్కన వస్తాయి. రాడార్ మామూలుగా తనకు బాగా గట్టిగా అలలను తిప్పి పంపిన బండినే చూస్తుంది. వెనక వస్తున్న బస్సు వేగం చూపించి, ముందున్న స్కూటరువాణ్ణి కంగారు పెట్టగలదు. కనక మన ఊళ్ళలో మంచి స్పీడు బ్రేకరు, కాలిబాట, దాటేచోట తెల్లని చారలు ముందు కావాలనీ, బోర్డు వాటికి తోడుగా ఉండాలే గాని బదులుగా కాదనీ నా అభిప్రాయం.

మా బడి పిల్లలు ఏం చేశారో చెప్పనే లేదు. పనికిరాని పాత నల్లబల్ల ఒకటి గేటు పక్కన ఆనించి, రోజూ ముందురోజు వేగాలు రాశారు. బండ్ల నంబర్లు రాయవద్దన్నాను. "పాల వ్యాను 52" అని మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఆ డ్రైవరు బండి ఆపి దిగి, "ఇది నేనేనా?" అని అడిగాడు. తర్వాతి వారం 38 వచ్చింది. టౌను బస్సు కూడా కొంచెం తగ్గింది. లారీలు మాత్రం ఆ బల్లను ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. దూరప్రాంతం నుంచి వచ్చి ఒక్కసారి పోయేవాడికి నిన్నటి అంకె ఎందుకు? మరుసటి ఏడు అక్కడ స్పీడు బ్రేకరు వేశారు. జామకాయల బండిని మేమే బతిమాలి గేటు వైపుకు మార్పించాం. ఎక్కువ లాభం బహుశా దానివల్లనే కలిగింది. నా స్కూటరు ముల్లు ఆ వారంలోనే లేచింది, నూట ఎనభై రూపాయలు పుచ్చుకుని.

మీ బడిలో కూడా ఈ పని చెయ్యవచ్చు. మాస్టారినో టీచరుగారినో అడిగి, వాళ్ళు పక్కన ఉండగానే చెయ్యండి. రోడ్డు మీదికి దిగవద్దు. గీతలు మీ ప్రహరీగోడ మీదనే వేసి, గోడ లోపలి నుంచే చూడండి. గీతల మధ్య సరిగ్గా 50 మీటర్లుంటే లెక్క చాలా సుళువు. బండి తీసుకున్న సెకండ్లతో 180ని భాగించండి. 6 సెకండ్లయితే 30 కిలోమీటర్లు. నాలుగున్నరయితే 40. మూడయితే 60. 180 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీరే కనుక్కుని రాయండి. సరిగా రాసినవారి ఊళ్ళ పేర్లు ఈ పేజీలో వేయిస్తాను.

బడి గంటకు అరగంట ముందు ఒక పట్టిక, బడి విడిచిన అరగంటకు ఇంకొక పట్టిక తయారుచెయ్యండి. రెండింటికీ తేడా ఉన్నదేమో చూడండి. వాహనం రకం, పట్టిన సెకండ్లు, వేగం. ఈ మూడే రాయండి. పేర్లూ నంబర్లూ వద్దు. పిల్లల్ని దించటానికి వచ్చే స్కూటర్లకూ కార్లకూ పట్టికలో వేరే గడి పెట్టండి. మాస్టార్ల స్కూటర్లకు కూడా.

ఇంద్రధనుస్సు వచ్చే నెల తప్పకుండా.